చివరి గంట టికెట్టు: నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతంలో ప్రదర్శనల ప్రవేశ ధరలు

జనాదరణ ఉన్న నాటకానికి ఆట రోజునే, అసలు ధరకన్నా తక్కువకు టికెట్టు దొరకడం న్యూయార్క్, లండన్ వంటి నాటకరంగ నగరాల్లో స్థిరపడిన పద్ధతి. అమ్ముడుపోని సీట్లను ఆట మొదలయ్యేలోపు ఎంతో కొంతకు అమ్మేయడం దాని సూత్రం. నంద్యాల జిల్లాలోని నంద్యాల, ఆళ్లగడ్డ పట్టణాల్లో ఇటువంటి తగ్గింపు వ్యవస్థ ఏర్పడలేదు. తక్కువ డబ్బుతో, ముందుగా ఏ ఏర్పాటూ చేసుకోకుండా వచ్చిన ప్రేక్షకుడికి ఇక్కడ వేరే దారులు ఉన్నాయి. టికెట్టు నాటకంలో నేల తరగతి, ఊరు పెట్టించే నాటకంలో ఉచిత ప్రవేశం, సినిమా హాల్లో కరెంట్ బుకింగ్, ప్రభుత్వం గీసిన ధర గీత అందులో ముఖ్యమైనవి. మొదటి రెండూ రంగస్థలానివి, తరువాతి రెండూ వెండితెరవి. సామాన్యుడికి కూర్చునే చోటు మిగలాలన్న పట్టింపు మాత్రం నాలుగింటిలోనూ ఉంది.

ప్రాంతం

నంద్యాల జిల్లా 2022 ఏప్రిల్ 4న పాత కర్నూలు జిల్లా నుంచి విడివడింది. జిల్లా కేంద్రం నంద్యాల. అక్కడి నుంచి కడప వైపు వెళ్లే 40వ నంబరు జాతీయ రహదారి మీద సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ఆళ్లగడ్డ ఉంది. నంద్యాలకు మహానంది, ఆళ్లగడ్డకు అహోబిలం దగ్గరి పుణ్యక్షేత్రాలు. దత్తమండలాలకు రాయలసీమ అన్న పేరు ఖాయమైంది 1928లో నంద్యాలలో జరిగిన సభలోనే.

వినోదం విషయంలో ఈ రెండు పట్టణాలూ చుట్టుపక్కల పల్లెల మీద ఆధారపడ్డవి. హాలు నిండాలంటే పల్లె జనం రావాలి. పల్లె జనం రావాలంటే పొలం పని తెమలాలి, చేతిలో పైసలుండాలి, ఆట వదిలాక ఇల్లు చేరడానికి బండో బస్సో దొరకాలి. ఇంతమంది వారం ముందు సీటు ఖాయం చేసుకోవడం అయ్యే పని కాదు. అందుకే ఇక్కడి టికెట్టు చాలాకాలం పాటు ఆ పూటకు ఆ పూట కొనుక్కునేదిగానే ఉండిపోయింది.

టికెట్టు నాటకం రాక

తెలుగునాట నాటకం టికెట్టు సరుకుగా మారడం 19వ శతాబ్ది చివరి పాదంలో మొదలైంది. 1880లో ధార్వాడ నాటక సమాజం రాజమండ్రి వచ్చి ప్రదర్శనలిచ్చింది. ఆ ఊపులోనే కందుకూరి వీరేశలింగం అక్కడ నాటక ప్రదర్శనలకు పూనుకున్నారు. దత్తమండలాల్లో ఈ కొత్త నాటకానికి పట్టుగొమ్మ బళ్లారి. వృత్తిరీత్యా న్యాయవాదులైన ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853–1912) సరస వినోదినీ సభను, కోలాచలం శ్రీనివాసరావు (1854–1919) సుమనోరమ సభను అక్కడే నడిపారు. తాడిపత్రిలో పుట్టిన బళ్లారి రాఘవ (1880–1946) ఈ సంప్రదాయంలో ఎదిగిన మహానటుడు. ఆ సభల్లో వేషం కట్టినవారు చాలావరకు ఉద్యోగాలూ వృత్తులూ ఉన్న ఔత్సాహికులు. నాటకం ఆడకపోతే వారి పొయ్యి ఆగిపోయేది కాదు.

పూర్తిగా టికెట్టు మీదే బతికిన సంస్థ సురభి. 1885లో కడప జిల్లా సొరుగు గ్రామంలో వనారస గోవిందరావు ‘కీచక వధ’ ఆడించడంతో అది మొదలైంది. ఆ ఊరికే తరువాత సురభి అన్న పేరు స్థిరపడింది, సమాజానికీ అదే పేరు వచ్చింది. కుటుంబాలకు కుటుంబాలే నటులుగా, వాద్యగాళ్లుగా, తెరలు లాగేవారుగా పనిచేసే ఈ సమాజాలు పాక వేసుకొని ఒక ఊళ్లో వారాలు, నెలలు మకాం పెట్టి రోజుకొక నాటకం ఆడేవి. ఆ కృషికి గుర్తింపుగా సురభి నాగేశ్వరరావుకు (బాబ్జీ) 2013లో పద్మశ్రీ దక్కింది.

మకాం వేసిన కంపెనీకి ప్రతి రాత్రీ ఒక పరీక్ష. వాన పడితే జనం రారు, సంత రోజైతే విరగబడతారు. ఈ ఒడుదుడుకులకు వారు వాడిన మందు తరగతుల విభజన. వెనుక కుర్చీలు, వాటికి ముందు బెంచీలు, అన్నిటికన్నా ముందు, రంగస్థలానికి ఎదురుగా నేల. నేలకు హద్దంటూ ఉండదు కనుక జనం ఎక్కువైతే సర్దుకొని కూర్చుంటారు, తక్కువైతే కాళ్లు చాపుకుంటారు. పొద్దు వాలాక జేబు తడుముకొని బయలుదేరిన కూలీకి కూడా ఆ టికెట్టు అందేది. మిగిలిన సీటును చివరి గంటలో తగ్గించి అమ్మే అవసరం నేల వల్లే చాలావరకు తప్పింది.

కాంట్రాక్టు నాటకం

పల్లెల్లో ఎక్కువగా ఆడేది పద్యనాటకం. తిరుపతి వేంకట కవుల పాండవ నాటకాల నుంచి రూపుదిద్దుకున్న ‘కురుక్షేత్రం’, బలిజేపల్లి లక్ష్మీకాంతం ‘సత్య హరిశ్చంద్ర’ వాటిలో ముందు వరుసవి. తిరునాళ్లకో ఉత్సవానికో ఊరి పెద్దలు చందా వేసుకుంటారు. నటుల్ని కుదిర్చే కాంట్రాక్టరుకు బయానా ఇస్తారు. కృష్ణుడు ఎవరు, అర్జునుడు ఎవరు, హార్మోనియం ఎవరిదన్నది అక్కడే తేలుతుంది. పేరున్న నటుడి రేటు వేరు, కొత్తవాడి రేటు వేరు. షణ్ముఖి ఆంజనేయరాజు, పీసపాటి నరసింహమూర్తి వంటి కృష్ణుల పేరు కరపత్రంలో పడితే చాలు, పొరుగూళ్ల నుంచి బండ్లు కట్టుకొని వచ్చే రోజులుండేవి.

ఇక్కడ ప్రేక్షకుడికి టికెట్టు లేదు. చందా ఇచ్చిన ఇంటివాడు, ఇవ్వనివాడు, దారినపోయే పరాయి ఊరివాడు ఒకే చోట కూర్చుంటారు. ముందు వచ్చినవాడికి ముందు చోటు. సాయంత్రమే పిల్లల చేత చాపలు, గోనె పట్టాలు పరిపించి చోటు పట్టి పెట్టుకోవడం ఈ పద్ధతిలోని ‘అడ్వాన్స్ బుకింగ్’.

డబ్బు పూర్తిగా కనుమరుగైపోదు, చదివింపుల రూపంలో వేదిక మీదికే వస్తుంది. పద్యం ముగింపు రాగాన్ని నటుడు సాగదీసి నిలబెట్టగానే వెనుక నుంచి ‘వన్స్‌మోర్’ అన్న కేక లేస్తుంది. ఎవరో 116 రూపాయలు పంపుతారు. హార్మోనియం ఆగుతుంది, మైకులో దాత పేరూ ఊరూ మొత్తమూ చదువుతారు, నటుడు చేతులు జోడిస్తాడు, మళ్లీ అదే పద్యం అందుకుంటాడు. చూసిన తరువాత, నచ్చినంత, ఇష్టమైతేనే ఇచ్చే ధర ఇది. ముందుగా ధర కట్టి ఆఖరున తగ్గించే నగర పద్ధతికి ఇది సరిగ్గా ఎదురు కొస.

పట్టణాల్లో నాటక కళా పరిషత్తుల పోటీలది మూడో దారి. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళా పరిషత్తు ఏర్పడిన తరువాత పోటీ నాటకాల ఒరవడి రాష్ట్రమంతా పాకింది. ఖర్చు దాతలది, బహుమతులు న్యాయనిర్ణేతల చేతిలో, ప్రవేశం సాధారణంగా ఉచితం. ప్రభుత్వం జరిపే నంది నాటకోత్సవాలదీ ఇదే తీరు. 2023 డిసెంబరులో గుంటూరులో జరిగిన ఉత్సవాలు ఇందుకు ఉదాహరణ.

ఈ ఉచిత ప్రవేశానికి మరో ముఖం కూడా ఉంది. టికెట్టు కొనే అలవాటు తప్పిపోయిన ఊళ్లో టికెట్టు నాటకం నిలబడటం కష్టం. పన్ను వైపు నుంచి మాత్రం అడ్డంకి తక్కువ. 2018 నుంచి 500 రూపాయల లోపు నాటక ప్రవేశ రుసుముకు జీఎస్టీ లేదు.

సినిమా హాలు: నేల నుంచి బాల్కనీ దాకా

నంద్యాల, ఆళ్లగడ్డల్లో ‘థియేటర్’ అంటే ముందుగా గుర్తొచ్చేది సినిమా హాలే. నాటకశాల నుంచి సినిమా హాలు నేల, బెంచీ, కుర్చీ తరగతులను యథాతథంగా తీసుకొని, పైన బాల్కనీని చేర్చింది. బొమ్మకు దగ్గరగా కూర్చునేవాడు తక్కువ ఇస్తాడు, దూరంగా కూర్చునేవాడు ఎక్కువ ఇస్తాడు. మెడ నొప్పికి అదే తగ్గింపు. ‘నేల టికెట్టు’ అన్న మాట నేల పోయి సీట్లు వచ్చాక కూడా చౌక తరగతికి పేరుగా మిగిలిపోయింది.

ధర మీద ప్రభుత్వ అదుపు ఈ రంగంలో ప్రత్యేకత. 1955 నాటి సినిమాల నియంత్రణ చట్టం కింద రాష్ట్రం టికెట్ల గరిష్ఠ ధరలను నిర్ణయిస్తుంది. 2021 ఏప్రిల్ 8న వచ్చిన 35వ నంబరు జీవో ఊరి స్థాయిని బట్టి ధర కట్టింది. మునిసిపాలిటీలో ఏసీ లేని హాల్లో అడుగు తరగతి 15 రూపాయలు, నగర పంచాయతీలో 10, గ్రామ పంచాయతీలో 5. ఈ ధరలతో కరెంటు బిల్లు కూడా రాదని హాళ్ల యజమానులు మొత్తుకున్నారు. ఆ డిసెంబరులో తనిఖీలు జరిగాయి, కొన్ని హాళ్లు మూతపడ్డాయి, వివాదం హైకోర్టుకెక్కింది.

చివరికి 2022 మార్చి 7న 13వ నంబరు జీవోతో కొత్త ధరలు వచ్చాయి. దాని ప్రకారం పన్ను కాక మునిసిపాలిటీల్లో ఏసీ లేని హాలుకు 30, 50 రూపాయలు, ఏసీ హాలుకు 60, 80, ప్రత్యేక హంగులున్న హాలుకు 80, 100. మల్టీప్లెక్సులో మామూలు సీటు 125, రిక్లైనరు 250. నగర పంచాయతీలు, గ్రామాల్లో ఏసీ లేని హాలుకు 20, 40, ఏసీ హాలుకు 50, 70. ప్రతి హాల్లో నాలుగో వంతు సీట్లను తక్కువ ధర తరగతికి వదలాలన్న నిబంధన కూడా ఇందులో ఉంది. నేల తరగతికి సర్కారు కాగితం మీద దొరికిన వారసత్వం అదే.

ఆ పైన పన్ను ఉంటుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి 100 రూపాయల లోపు టికెట్టుకు జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. వంద దాటితే 18 శాతమే. పెంపు లేని రోజుల్లో చిన్న పట్టణాల సింగిల్ స్క్రీన్ టికెట్టు వంద లోపే ఉంటుంది కనుక ఆ లాభం ఈ తరగతికే ఎక్కువ అందుతుంది.

కరెంట్ బుకింగ్ పనితీరు

ఆట రోజున, ఆటకు కాస్త ముందు కౌంటరు తెరిచి టికెట్లు ఇవ్వడమే కరెంట్ బుకింగ్. ఒకప్పుడు చిన్న ఊళ్లలో ఉన్నది ఇదొక్కటే. ఇనుప కమ్మీల మధ్య ఇరుకు వరుస, ఆడవాళ్లకు వేరే వరుస, గోడలో చెయ్యి మాత్రం పట్టే కన్నం. పిడికిట్లో లెక్క చూసుకున్న చిల్లరతో చెయ్యి లోపలికి వెళ్తుంది, పల్చటి రంగు కాగితంతో బయటికి వస్తుంది. లోపల ఎవరున్నారో కనపడదు, ఏ సీటన్న ప్రశ్న ఉండదు. చిల్లర లేకపోతే వెనుకవాళ్ల కసురు తప్పదు.

ఇప్పుడు ఫోనులో సీటు చూసి ఎంచుకోవచ్చు. దానికి ఆన్‌లైన్ సంస్థలు టికెట్టు మీద విడిగా సేవా రుసుము వసూలు చేస్తాయి. కౌంటరులో ఆ రుసుము ఉండదు. నలుగురున్న కుటుంబానికి నాలుగు టికెట్ల మీద పడే భారం మిగులుతుంది. నంద్యాల, ఆళ్లగడ్డల్లో ‘అదే రోజు తగ్గింపు’ అనదగ్గది కచ్చితంగా ఏదైనా ఉంటే అది ఇదే. హాలు నిండని రోజుల్లో కరెంట్ బుకింగ్‌లో ఏ తరగతి టికెట్టయినా దొరుకుతుంది. హౌస్‌ఫుల్ బోర్డు పడే రోజుల్లో మాత్రం ఆలస్యం చేసినవాడికి వెనుదిరగడమో, బ్లాకులో కొనడమో తప్పదు. బ్లాకులో అమ్మడం నేరం.

హాలు యజమాని తనంతట తాను ఆఖరి నిమిషంలో ధర తగ్గించకపోవడానికి వ్యాపార కారణం ఉంది. సినిమా అద్దె పద్ధతిలోనో పర్సంటేజీ పద్ధతిలోనో నడుస్తుంది. పర్సంటేజీ అయితే ప్రతి టికెట్టూ రోజువారీ వసూళ్ల లెక్కలో, అంటే డీసీఆర్‌లో ఎక్కి డిస్ట్రిబ్యూటరుకు చేరాలి. ధర తగ్గించడం యజమాని ఒక్కడి చేతిలో లేదు. పైగా గరిష్ఠ ధరే తక్కువ కనుక తగ్గించడానికి మిగిలే సందూ తక్కువే.

పది రోజుల లెక్క

పెద్ద సినిమాలకు ప్రభుత్వం విడుదల మొదట్లో ధర పెంచుకోవడానికి అనుమతిస్తుంది. 2022 మార్చి 25న విడుదలైన ‘ఆర్ఆర్ఆర్’కు ఆంధ్రప్రదేశ్‌లో మొదటి 10 రోజులు టికెట్టుకు 75 రూపాయల పెంపు దక్కింది. మునిసిపాలిటీలోని ఏసీ హాల్లో 80 రూపాయల సీటు, పన్ను పక్కన పెడితే, 155 అయింది. పదకొండో రోజున అదే సీటు మళ్లీ 80. ఆగగలిగినవాడికి దాదాపు సగం ధర కలిసొచ్చింది. 2024 డిసెంబరు 4 రాత్రి ‘పుష్ప 2’ ముందస్తు ఆటకు అనుమతించిన ధర ఏకంగా 800 రూపాయలు.

ఇక్కడ ధర పడిపోయేది గంటల మీద ఆధారపడి కాదు, రోజుల మీద. మొదటి ఆటకు అభిమానం ధర, మొదటి వారానికి ఆత్రం ధర, ఆ తరువాత అసలు ధర. సినిమా పెద్ద హాలు నుంచి చిన్న హాలుకు, అంటే షిఫ్టింగ్‌కు వెళ్తే ఏసీ లేని తరగతి ధరకు కూడా దిగుతుంది. పండుగ ముగిసి అల్లుళ్లు వెళ్లిపోయిన సోమవారం నాడు మ్యాట్నీకి వెళ్లినవాడికి వరుసే ఉండదు.

ఇతర దేశాల్లో

న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లో 1973 జూన్ 25న టీకేటీఎస్ అన్న కౌంటరు తెరిచారు. థియేటర్ డెవలప్‌మెంట్ ఫండ్ అనే లాభాపేక్ష లేని సంస్థ దాన్ని నడుపుతోంది. ఆ రోజు ఆటలకు మిగిలిన సీట్లను నాటకశాలలు అక్కడికి పంపుతాయి, ప్రేక్షకులు బోర్డు చూసి సగం ధర వరకు తగ్గింపుతో కొంటారు. లండన్ లెస్టర్ స్క్వేర్‌లో 1980లో ఇటువంటి కౌంటరే వచ్చింది.

‘రష్’ టికెట్టు మరో రకం. బ్రాడ్‌వేలో 1996లో వచ్చిన ‘రెంట్’ నాటకానికి ముందు రెండు వరుసల సీట్లను ఆట రోజున 20 డాలర్లకు ఇచ్చారు. కుర్రకారు రాత్రంతా వీధిలో పడిగాపులు పడటంతో మరుసటి ఏడాది లాటరీ పెట్టారు. 2015లో ‘హామిల్టన్’ నాటకం 10 డాలర్ల లాటరీతో ఈ పద్ధతికి మరింత పేరు తెచ్చింది.

మన నేల తరగతికి దగ్గరి చుట్టం లండన్‌లో ఉంది. షేక్‌స్పియర్ కాలంలో గ్లోబ్ నాటకశాలలో ఒక పెన్నీ ఇచ్చినవారు రంగస్థలం ముందు ఆరుబయట నిలబడి నాటకం చూసేవారు. 1997లో తిరిగి తెరిచిన గ్లోబ్‌లో అయిదు పౌండ్ల నిలుచునే టికెట్టుగా దాన్ని పునరుద్ధరించారు.

పోలిక

ఆట మొదలయ్యాక ఖాళీ సీటు విలువ సున్నా. ఈ సత్యం బ్రాడ్‌వేకూ ఆళ్లగడ్డకూ ఒకటే. బ్రాడ్‌వేలో ధర చాలా ఎత్తున మొదలవుతుంది కనుక సగానికి తగ్గించినా నిర్మాతకు కొంత దక్కుతుంది. పక్కపక్కనే డజన్ల కొద్దీ నాటకశాలలు ఉండటం వల్ల ఒకదాంట్లో దొరకకపోతే మరోదానికి వెళ్లే ప్రేక్షకుడుంటాడు. నంద్యాల ప్రాంతంలో నాటకం రోజూ ఉండదు, సినిమా ధరకు పైకప్పు ఉంది. ఇక్కడి సమాజం ధరను చివర్లో కోయకుండా మొదట్లోనే ఒక తరగతికి దించి పెట్టింది, లేదా ఊరంతా కలిసి ముందే చెల్లించింది.

రెండింటికీ లోపాలున్నాయి. రష్ టికెట్టు తీరిక ఉన్నవాడికే అందుతుంది. నేల తరగతి పేదవాడిని లోనికి పిలిచినా విడిగా కూర్చోబెట్టింది. ధరల గీత చిన్న హాలును కాపాడకపోతే ఆ హాలు కల్యాణమండపం అవుతుంది, అప్పుడు చౌక టికెట్టూ ఉండదు. ఉచిత నాటకం జనాన్ని పోగుచేస్తుంది గాని, నటుడి బతుకును దాత దయ మీద వదిలేస్తుంది.

నేటి స్థితి

ఈ ప్రాంతంలో ఇవాళ తక్కువ ఖర్చుతో ప్రదర్శన చూడదలచినవారికి దారులు తేలికైనవే. సినిమా అయితే ధరల పెంపు గడువు ముగిసే దాకా ఆగి, పనిదినాన ఆటకు అరగంట ముందు కౌంటరుకు వెళ్లడం. నాటకమైతే తిరునాళ్ల కరపత్రాలూ పరిషత్తు పోటీల ప్రకటనలూ గమనించడం. పల్లెల నుంచి వచ్చేవారు సెకండ్ షోకు టికెట్టు కొనేముందు చివరి బస్సు వేళ కనుక్కోవడం మేలు. లేకపోతే టికెట్టులో మిగిలింది ఆటోకు పోతుంది.

లోటు ఉన్నది నాటకం వైపే. పరిషత్తులు, సంస్థలు నాటకాన్ని ఉచితంగా చూపడంతో పాటు ఏడాదిలో కొన్ని రాత్రులైనా 20, 30 రూపాయల టికెట్టు పెట్టి, మిగిలిన సీట్లను ఆట వేళకు విద్యార్థులకు సగం ధరకు ఇస్తే, కొనే అలవాటూ చూసే అలవాటూ రెండూ నిలుస్తాయి. అందుకు కొత్త చట్టం అక్కర్లేదు, పన్ను బాధా లేదు. కావలసింది ఒక కౌంటరు, దాని ముందు నిలబడే ప్రేక్షకుడు.